తొలి తూకానికీ వెలుగు కావాలి
బస్తర్ అటవీ సరుకు - డిజిటల్ లెక్కలు

బస్తర్ అడవులకు, తెలుగు సీమకు నడుమ వర్తక సంబంధం ఈనాటిది కాదు. కోస్తా మళ్ళలో పండిన ఉప్పును లంబాడీలు ఎడ్లపై వేసి గోదావరి దాటించి ఆ ప్రాంతానికి చేర్చేవారు. బస్తర్ రాజవంశానికి మూలపురుషుడు కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడని పరంపరాగత విశ్వాసం. నేడు ఏడు జిల్లాలుగా ఉన్న ఈ ప్రాంతం నుండి సుక్మా, కుంటల మీదుగా భద్రాచలానికి, భోపాలపట్నం మీదుగా వరంగల్లుకు పోయే రహదారులపై అటవీ సరుకు రాష్ట్రాల సరిహద్దులను దాటుతూ ఉంటుంది.

ఈ సరుకులలో ముఖ్యమైనది చింతపండు. దక్షిణాది వంటయిళ్ళలో పులుసు కాగే ప్రతి పొయ్యికీ, బస్తర్ గ్రామంలోని చింతచెట్టుకూ మధ్య ఒక పొడవైన గొలుసు ఉన్నది. చెట్టు కింద ఏరిన కాయను గిరిజన స్త్రీ గంపకెత్తుకొని వారపు సంతకు తెస్తుంది. అక్కడ ‘కొచియా’ అని పిలువబడే చిన్న దళారీ దానిని కొంటాడు. అతని వద్ద నుండి పెద్ద వర్తకునికి, జగదల్‌పుర్ గిడ్డంగికి, అక్కడి నుండి ఇతర రాష్ట్రాలకు అది చేరుతుంది. ఈ గొలుసులో సరుకు ఎక్కడ ఎంత ధర పలికినదో చివరి కొనుగోలుదారునికి తెలియదు. మొదట అమ్మినవారికి అంతకంటే తెలియదు.

సరిహద్దులో వచ్చిన మార్పు

పూర్వం లారీలు రాష్ట్ర సరిహద్దు తనిఖీ కేంద్రాల వద్ద గంటల తరబడి ఆగవలసి వచ్చేది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రాలు తొలగిపోయినవి. 2018 ఏప్రిల్ 1 నుండి అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు వచ్చినది. 50 వేల రూపాయలకు మించిన సరుకు విషయంలో పంపినవారు, అందుకొనేవారు, వాహనం - ఈ వివరాలన్నీ ముందే నమోదవుతాయి. అటవీ ఉత్పత్తుల కొరకు 2023 డిసెంబరు 29న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జాతీయ రవాణా అనుమతి విధానాన్ని ప్రారంభించినది. ఒక రాష్ట్రంలో పొందిన అనుమతి పత్రాన్ని, దానిపై గల క్యూఆర్ కోడ్ ద్వారా, మరొక రాష్ట్రపు అటవీ సిబ్బంది సరిచూడవచ్చును.

ఇవి మేలైన ఏర్పాట్లే. అయితే వీటికొక పరిమితి ఉన్నది. పన్ను కోసం ఏర్పడిన కన్ను పన్ను ఉన్న సరుకునే చూస్తుంది. 2019 అక్టోబరు 1 నుండి ఎండు చింతపండుకు పన్ను మినహాయింపు లభించినది. అందువలన దానికి ఈ-వే బిల్లు కూడ అవసరం లేకుండా పోయినది. మినహాయింపు న్యాయమైనదే. కాని వెలుగు పడవలసిన చోటు సరిహద్దు కాదు, సంత. లారీ కదిలేనాటికి గిరిజనుని లాభనష్టాలు తేలిపోయి ఉంటాయి.

ఇమ్లీ ఆందోళన్ పాఠం

ఒకప్పుడు బస్తర్ సంతలలో ఉప్పు ఇచ్చి, అంతకెన్నో రెట్లు విలువైన సారపప్పును తీసుకొనేవారు. ఆ మోసం కాగితం లేకపోవడం వలన జరిగినది కాదు. బయటి ధర అమ్మేవారికి తెలియకపోవడం వలన జరిగినది. 1999 ప్రాంతంలో బస్తర్ కలెక్టరు ప్రవీర్ కృష్ణ చేపట్టిన ‘ఇమ్లీ ఆందోళన్’ ఈ మూలాన్నే పట్టుకొన్నది. గ్రామ సంఘాలే ప్రకటిత ధరకు చింతపండును తూచి కొనడంతో, వర్తకులు కూడ ధర పెంచక తప్పలేదు. అప్పుడు ఏ యంత్రమూ లేదు. ఉన్నవి నమ్మకమైన కాటా, అందరికీ తెలిసిన ధర.

తరువాత 2013-14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం వచ్చినది. 2020 మేలో గింజతో ఉన్న చింతపండు ధరను కిలోకు 36 రూపాయలుగా సవరించారు. 2018 ఏప్రిల్ 14న వన్ ధన్ యోజన ఈ ప్రాంతంలోని బీజాపుర్‌లోనే ప్రారంభమైనది. ఈ ధర ఏ నాడు ఏ సంతలో నిజంగా చేతికందినదో నమోదు చేయగలిగితేనే డిజిటల్ విధానం సార్థకమవుతుంది.

తునికాకు లెక్క

తునికాకు ఉదాహరణ చూడండి. 50 ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఛత్తీస్‌గఢ్‌లో సంచి ధర 2019లో 4,000 రూపాయలు, 2024లో 5,500 రూపాయలు అయినది. అనగా కట్టకు ఐదున్నర రూపాయలు. కల్లంలో గుమాస్తా నాలుగు కట్టలు తక్కువ వ్రాస్తే ఇరవై రెండు రూపాయలు పోయినట్లే. ఆ తప్పుడు అంకెనే కంప్యూటరులో ఎక్కిస్తే అది నిజం కాబోదు. పైగా దానికి ప్రామాణికత కూడ వస్తుంది.

చెల్లింపు బ్యాంకు ఖాతాకు చేరడం మంచిదే. కాని బ్యాంకు దూరమైన పల్లెలో ఆ సొమ్ము తెచ్చుకోవడానికి ఒక రోజు కూలి, దారి ఖర్చు పోతాయి. అందుకే 2024లో బీజాపుర్, సుక్మా వంటి జిల్లాలలో నగదు చెల్లింపునకు వీలు కల్పించవలసి వచ్చినది.

తనకు తెలిసిన భాషలో

బస్తర్ పల్లెలలో గోండి, హల్బీ, దోర్లీ మాట్లాడతారు. దక్షిణపు అంచున తెలుగు వినిపిస్తుంది. రసీదులు మాత్రం హిందీలో ఉంటాయి. హిందీ నుండి తెలుగులోనికి అనువాదం చేసే ఈ వ్యాసకర్తకు ఇది చిన్న విషయంగా తోచదు. చదవలేని రసీదు, రసీదు లేకపోవడంతో సమానం. 2010లో ప్రారంభమైన ‘సీజీనెట్ స్వర’ మామూలు ఫోనుపైనే గోండిలో వార్త చెప్పవచ్చునని, వినవచ్చునని నిరూపించినది. తూకం, ధర, చెల్లింపు - ఈ మూడు అంకెలను కూడ అమ్మినవారికి తమ భాషలో అలాగే వినిపించవచ్చును.

బయటి ప్రపంచం కూడ సరుకు పుట్టుకను అడుగుతున్నది. కాఫీ వంటి పంటలు ఏ భూమిలో పండినవో చూపవలెనని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసినది. దాని అమలు వాయిదా పడుతూ వచ్చినా, దిశ స్పష్టమే. బస్తర్‌లోని దర్భా కొండలపై కూడ నేడు కాఫీ పండుతున్నది. పుట్టుకను చూపగలిగే రైతుకు బేరమాడే బలం చేకూరుతుంది.

గోదావరికి ఇరువైపులా జనాన్ని కలిపినది ఒకనాడు ఉప్పు, నేడు చింతపండు. ఆ సంబంధం న్యాయమైనదిగా ఉండవలెనంటే లెక్క గిడ్డంగి గుమ్మం వద్ద కాక, చెట్టు నీడలో పడిన తొలి తూకం నుండే మొదలు కావాలి.