కొత్త చేప దాక్కుంటే బెదరవద్దు, వెదకవద్దు

వేంపల్లె:

కడప జిల్లాకు సముద్రం లేదు. వేంపల్లె వారికి తెలిసిన ఏరు పాపాఘ్ని. గండి వద్ద కొండల నడుమ నుంచి వచ్చే ఆ ఏరు కూడా ఏడాదిలో చాలా కాలం ఇసుకగానే కనిపిస్తుంది. ఇటువంటి చోట నడింట్లో అద్దాల తొట్టి పెట్టి, ఉప్పునీరు నింపి, సముద్రపు చేపను సాకాలనుకోవడం సాహసమే. డబ్బుతో కూడిన సరదా కూడా.

ఈ సరదాకు దిగిన ఇళ్లలో తరచుగా జరిగే ముచ్చట ఒకటి ఉంది. చేపను తెచ్చి తొట్టిలో వదిలిన రాత్రి ఇంటిల్లిపాదీ తొట్టి ముందే కూర్చుంటారు. తెల్లవారి చూస్తే చేప లేదు. రాళ్ల సందున ఎక్కడో దూరింది. సాయంత్రానికీ రాదు. వేసిన మేత అడుగున పడి నానుతుంది. మూడో దినానికి ఇంట్లో బెంగ పట్టుకుంటుంది. పిల్లలు అద్దం మీద తడతారు. పెద్దలు చేయి పెట్టి రాళ్లు కదిలిస్తారు. వలబుట్టతో తరిమి బయటికి లాగుతారు. నాలుగో దినం చేప నిజంగానే చచ్చి తేలుతుంది. అప్పుడు అమ్మినవాణ్ణి తిడతారు.

చాలాసార్లు తప్పు అమ్మినవానిది కాదు, చేపదీ కాదు. దాక్కున్నందువల్ల చేప చావదు. దాన్ని వెదికి బెదరగొట్టడం వల్ల చస్తుంది.

సంతలో కొన్న ఎద్దు

రైతుకు ఈ సంగతి కొత్త కాదు. సంతలో కొని తోలుకొచ్చిన ఎద్దు రెండు మూడు దినాలు మేత సరిగా ముట్టదు. కొత్త కొట్టం, కొత్త మనుషులు అలవాటయ్యేదాకా బెదురుచూపులు చూస్తుంది. అంతమాత్రాన రోగమొచ్చిందని ఎవరూ దాన్ని తిరిగి సంతకు తోలరు. నీళ్లు పెట్టి, గడ్డి వేసి, పక్కకు తప్పుకుంటారు. చేప విషయంలోనూ చేయవలసింది అంతే.

పగడపు దిబ్బల్లో బతికే చిన్న చేపకు చుట్టూ శత్రువులే. రాతి సందు దొరికితే ప్రాణం, దొరక్కపోతే మరో చేప నోట్లో ముద్ద. కనుక కొత్త చోటు చేరిన చేప మొదట మేత వెదకదు, దాగే చోటు వెదుకుతుంది. మనం సిగ్గు అనుకునేది దానికి ప్రాణరక్షణ. అద్దం అవతల నిలబడి తొంగిచూసే మనిషి తనకు మేత వేసేవాడని దానికి ఇంకా తెలియదు. మీద పడే పెద్ద నీడ అని మాత్రమే తెలుసు.

పైగా కొన్ని జాతుల తీరే అది. ర్యాస్ జాతిలో అనేక రకాలు ఇసుకలో ముక్కు దూర్చి నిలువునా పూడుకుపోతాయి. రాత్రి పడక కూడా ఆ ఇసుకలోనే. జాఫిష్ తనకు తానే బొరియ తవ్వుకుంటుంది. ఫైర్‌ఫిష్ నీడ కదిలినా సందులోకి దూసుకుపోతుంది. మాండరిన్ అనే రంగురంగుల చేప రాళ్ల మీద మెల్లగా పాకుతూ పొద్దు వాలేవేళ ఎక్కువగా కనిపిస్తుంది. కొనేముందే ఆ చేప గుణం అడిగి తెలుసుకున్నవారికి తరువాత బెంగ ఉండదు.

దూరాభారపు ప్రయాణం

ఎర్రగుంట్ల, కడప మీదుగా పోయే రైలుమార్గం ఒకవైపు చెన్నైకి, మరొకవైపు ముంబైకి చేరుతుంది. జనానికి సముద్రపు చేపలను అద్దాల వెనుక చూపించడంలో ఆ రెండు నగరాలకూ పాత చరిత్ర ఉంది. అప్పటి మద్రాసు మెరీనా తీరంలో 1909లో చేపల ప్రదర్శనశాల తెరిచారు. బొంబాయిలో తారాపోరేవాలా అక్వేరియం 1951లో మొదలయింది. ఈనాడు పెంపుడు చేపల వ్యాపారానికి చెన్నైలోని కొళత్తూరు పేరుమోసింది.

అంత దూరం నుంచి వచ్చే చేప పాలిథిన్ సంచిలో, కాసిని నీళ్లలో, పైన నింపిన ఆక్సిజన్ మీద బతుకుతూ వస్తుంది. నీరు పాడుకాకుండా బయలుదేరే ముందు దానికి మేత కూడా ఆపుతారు. చీకటి, కుదుపులు, తన మలినమే తన నీళ్లలో చేరడం: ఇవన్నీ భరించి వచ్చిన ప్రాణి వెంటనే ఆడి పాడి చూపాలనుకోవడం అన్యాయం.

సంచి ఇల్లు చేరగానే తొట్టి దీపం ఆర్పివేయాలి. మూతి విప్పకుండా సంచిని 15, 20 నిమిషాలు తొట్టి నీటిలో తేలనిస్తే రెండు నీళ్ల వేడి సమానమవుతుంది. తరువాత సంచి విప్పి తొట్టి నీటిని కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. అరగంట నుంచి గంటలోపు ఈ పని ముగించాలి. ఆపై చేపను మాత్రమే తొట్టిలోకి వదిలి, సంచి నీళ్లు బయట పారబోయాలి. ఆ రాత్రికి దీపం వేయకూడదు, మేత వేయకూడదు.

ఇంకొక తొట్టి పెట్టే స్తోమత ఉన్నవారు కొత్త చేపను మూడు, నాలుగు వారాలు వేరుగా ఉంచడం మేలు. తెల్లమచ్చల రోగం వంటిది ఏదైనా ఉంటే పాత చేపలకు అంటదు. ఆ వేరు తొట్టిలో కూడా దాగడానికి ఒక చిన్న గొట్టం ముక్కయినా వేయాలి.

ఉప్పు, నీరు, ఎండ

చేప దాక్కోవడానికి నీరే కారణం కావచ్చు. వంట ఉప్పు కలిపితే సముద్రపు నీరు కాదు. సముద్రపు నీటిలో కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలెన్నో ఉంటాయి. ఇందుకు ప్రత్యేకంగా తయారైన ఉప్పు అమ్ముతారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ లెక్కన 100 లీటర్ల తొట్టికి మూడున్నర నుంచి నాలుగు కిలోల ఉప్పు పడుతుంది. చౌడు దేలిన బోరునీళ్లు ఇందుకు పనికిరావు. శుద్ధి చేసిన నీళ్లు వాడాలి. నీరు నింపిన మరునాడే చేపను వదలకూడదు. మలినాన్ని హరించే సూక్ష్మజీవులు తొట్టిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేపకు 24 నుంచి 27 డిగ్రీల వేడి అనుకూలం. కడప ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు నీరు త్వరగా ఆవిరవుతుంది. చినగంజాం ఉప్పుకొటార్లు చూసినవారికి తెలుసు, ఎండకు నీరు పోతుందే గాని ఉప్పు పోదు. కనుక తగ్గిన మట్టాన్ని మంచినీటితోనే నింపాలి. ఉప్పునీళ్లు పోస్తే చేప రోజురోజుకూ మరింత ఉప్పులో ఈదవలసి వస్తుంది. కరెంటు పోయినప్పుడు గాలి అందించడానికి బ్యాటరీతో నడిచే చిన్న మోటారు దగ్గర ఉంచుకోవాలి.

ఎప్పుడు బెంగపడాలి?

దాక్కున్న చేప రెండు మూడు దినాలు తినకపోయినా కంగారు లేదు. కొన్ని రకాలకు చోటు అలవాటు కావడానికి రెండు వారాలు కూడా పడుతుంది. దీపం ఆర్పేముందు ఆ సందు దగ్గర చిటికెడు మేత వేసి చూడాలి. మిగిలింది తీసివేయాలి.

పాత చేపలు తరుముతున్నాయేమో కూడా గమనించాలి. ముందే చోటు ఆక్రమించిన డామ్సెల్ చేప కొత్తదాన్ని బయటకు రానివ్వదు. అప్పుడు రాళ్ల అమరిక కొంచెం మార్చితే పాతదాని హద్దులు చెరిగిపోతాయి. ఈ పని కొత్త చేపను వదలకముందే చేసుకోవాలి. అది సందులో దూరిన తరువాత కాదు.

ఊపిరి ఎగబీలుస్తున్నా, ఒంటిమీద ఉప్పురవ్వల వంటి మచ్చలు కనిపించినా, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నా, దాగకుండా బయటే ఒరిగి పడి ఉన్నా అది సిగ్గు కాదు, జబ్బు. ఎంతకూ జాడ లేకపోతే ముందు తొట్టి చుట్టూ నేల చూడాలి. ఫైర్‌ఫిష్, ర్యాస్ వంటివి బెదిరితే ఎగిరి బయటపడతాయి. తొట్టి మీద సన్నని వల తప్పనిసరి. ఆపై నీటిలో అమ్మోనియా పరీక్ష చేయాలి. చేప చచ్చి కుళ్లుతుంటే చిన్న తొట్టిలో ఆ సంగతి నీరే చెబుతుంది. అమ్మోనియా లేకపోతే రాళ్ల జోలికి పోనక్కరలేదు.

ఎక్కడి చేపను కొనాలి?

సముద్రంలో పట్టిన చేప కంటే హేచరీలో పుట్టిన చేప తొందరగా మచ్చికవుతుంది. అది పుట్టింది మొదలు అద్దాలను, మనుషులను చూసి, వేసిన మేత తిని పెరిగింది. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రామేశ్వరం దారిలోని మండపంలోనూ, కేరళలోని విళింజంలోనూ క్లౌన్ ఫిష్, డామ్సెల్ వంటి చేపలను హేచరీలో పిల్లలు చేయించే పద్ధతి సాధించింది. కొత్తగా మొదలుపెట్టేవారికి హేచరీ క్లౌన్ ఫిష్ తగినది. విదేశాల్లో కొన్నిచోట్ల సయనైడు చల్లి మత్తెక్కించి చేపలను పట్టే దుర్మార్గం ఉంది. ఆ విధంగా పట్టినవి చూపుకు బాగున్నా తరువాత రాలిపోతాయి. సముద్రం నుంచి పెకలించిన పగడపు రాయిని, సముద్రపు గుర్రాన్ని ఎవరు అమ్మచూపినా కొనరాదు. 2001లోనే వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు తెచ్చారు.

అన్నీ సరిగ్గా ఉంటే ఇక మిగిలింది ఓపిక. పిల్లలకు ఇదే కష్టం. అయినా వారినే తొట్టికి కాస్త దూరంగా, కదలకుండా, రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టాలి. ఒక దినం రాతి అంచున రెండు కళ్లు కనిపిస్తాయి. మరునాడు తల బయటికొస్తుంది. ఆ తరువాత మేత పడిన చోటికి ఒక్క ఉరుకు ఉరికి, నోట కరచుకుని వెనక్కు పోతుంది. మరి కొన్నాళ్లకు మేత డబ్బా చప్పుడు వింటేనే అద్దం దగ్గరికి వస్తుంది.