బడికి ముందే ఒక మాట చెప్పి ఉంచుదాం



మొన్న మే నెలలో మన ఆదివారం తెలుగు బడిలో జరిగిన సంగతితో మొదలుపెడతాం. పిల్లలు బయట ఆడుకుంటుండగా ఏడో తరగతి బాబు ఒకడికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. మాట రావడం లేదు, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. వాడికి ఆస్తమా ఉందని మా వాలంటీర్లలో ఎవరికీ తెలియదు. ఇన్హేలర్ కారులో ఉంది. కారు తాళాలు నాన్న దగ్గర ఉన్నాయి. ఆయన వంటశాలలో అన్నదానం పనిలో ఉన్నారు. పరిగెత్తి తెచ్చేసరికి నాలుగైదు నిమిషాలు పట్టింది. బాబు తేరుకున్నాడు, ఇప్పుడు బాగున్నాడు. మేమే ఆ నాలుగైదు నిమిషాలు మరిచిపోలేకపోతున్నాం.

తర్వాత వాళ్లమ్మగారితో మాట్లాడితే స్కూల్లో కూడా చెప్పలేదన్నారు. "చిన్నప్పటి నుంచీ ఉన్నదే కదండీ. అందరికీ చెప్పి వాడికో పేరు పెట్టించడం ఎందుకని ఊరుకున్నాం" అన్నారు. ఆమెను తప్పుపట్టే అర్హత మాకు లేదు. మన తెలుగు బడి ఫారంలో టీషర్టు సైజు అడిగాం కానీ, పిల్లల ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాం.

మేము డాక్టర్లం కాము. మాలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, అందులో సగం మంది తల్లిదండ్రులం. ఆ ఆదివారం తర్వాత మేమంతా కూర్చుని, ఇక్కడి స్కూళ్లలో పిల్లల ఆరోగ్యానికి ఏయే ఏర్పాట్లున్నాయో చదివి తెలుసుకున్నాం. చాలా ఏర్పాట్లే ఉన్నాయి. వాటిలో చాలావరకు మనం నోరు తెరిచి అడిగితేనే కదులుతాయి. ఆగస్టులో స్కూళ్లు తెరిచేలోపు మీకు పనికొస్తాయని ఇక్కడ ఇస్తున్నాం.

నర్సు గదిలో ఏం జరుగుతుంది

స్కూలు నర్సు మన పిల్లలకు తన ఇష్టప్రకారం మందు ఇవ్వలేరు. తలనొప్పి మాత్ర ఇవ్వాలన్నా తల్లిదండ్రుల సంతకం కావాలి, చాలా చోట్ల డాక్టరు సంతకం కూడా అడుగుతారు. మందు ఫార్మసీ లేబుల్ ఉన్న అసలు డబ్బాలోనే ఉండాలి. ఈ ఫారాలు సాధారణంగా ఏడాదికోసారి కొత్తగా ఇవ్వాలి. పోయినేడు ఇచ్చాం కదా అని ఊరుకుంటే కుదరదు.

ఆస్తమా ఉన్న పిల్లలు ఇన్హేలర్‌ను తమ దగ్గరే ఉంచుకోవడానికి 50 రాష్ట్రాల్లోనూ చట్టం అనుమతిస్తుంది. దానికి కావలసిన ఫారం ముందుగా ఇవ్వాలి. దానితోపాటు డాక్టరును "ఆస్తమా యాక్షన్ ప్లాన్" రాసివ్వమని అడగండి. ఒకే కాగితం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మూడు భాగాలు. పిల్లవాడు ఎలా ఉంటే ఏం చేయాలో, ఎప్పుడు 911కి ఫోన్ చేయాలో అందులో ఉంటుంది. ప్రతి స్కూల్లోనూ రోజంతా నర్సు ఉండరు. అలాంటి రోజున ఆఫీసులో ఉన్నవారికి ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. అమ్మమ్మలు ప్రేమతో బ్యాగులో పెట్టే అమృతాంజనం సీసా, దగ్గు మాత్రలు కూడా స్కూలు దృష్టిలో మందులే. చెప్పకుండా పంపితే పిల్లలే ఇబ్బంది పడతారు.

ఎలర్జీల విషయంలో మన వంటల గురించి మనమే చెప్పాలి. ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన ప్రధాన ఎలర్జీ పదార్థాల్లో 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదోవిగా చేరాయి. ఇంట్లో చేసిన పులిహోరకు లేబుల్ ఉండదు కదా. నువ్వుల పొడి, జీడిపప్పు, వేరుశనగ ఉన్నవి పుట్టినరోజు పేరుతో క్లాసుకు పంపేముందు టీచరును అడగండి. మన ప్రసాదాల బల్ల మీద కూడా ఏ పదార్థంలో ఏమున్నాయో రాసిన కార్డులు ఈ దసరా నుంచి పెడుతున్నాం.

504 ప్లాన్ అంటే

1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ పేరు మీద వచ్చిన ఏర్పాటు ఇది. ఆరోగ్య సమస్య వల్ల చదువుకో, స్కూలు దినచర్యకో గట్టి అడ్డంకి వస్తున్న విద్యార్థికి కావలసిన సర్దుబాట్లను స్కూలు రాతపూర్వకంగా చేసిపెట్టాలి. పబ్లిక్ స్కూళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. మనం పైసా కట్టనక్కర్లేదు.

డయాబెటిస్ ఉన్న పాప క్లాసు మధ్యలో లేచి షుగర్ చూసుకోవచ్చు, పరీక్షలోనైనా ఏదైనా తినొచ్చు. మైగ్రేన్ వచ్చే బాబు కాసేపు చీకటి గదిలో పడుకోవచ్చు. పరీక్షంటే వణికిపోయే పిల్లలకు వేరే గది, అదనపు సమయం ఇవ్వవచ్చు. ఏ పిల్లలకు ఏది అవసరమో స్కూలు బృందం మనతో కూర్చుని నిర్ణయిస్తుంది. బోధనే వేరుగా కావలసిన పిల్లలకు ఐఈపీ అనే మరో ఏర్పాటు ఉంది. రెండిట్లో ఏది సరిపోతుందో తెలియకపోయినా ఫరవాలేదు. "మా అబ్బాయికి ఫలానా ఇబ్బంది ఉంది, 504 ప్లాన్ కోసం పరిశీలించండి" అని ప్రిన్సిపాల్‌కు, కౌన్సెలర్‌కు ఈమెయిల్ రాయండి. నోటిమాటగా చెప్పి వదిలేయకండి. రాసిన దానికి తేదీ ఉంటుంది.

కౌన్సెలర్ అంటే కోర్సులు ఎంచిపెట్టే మనిషేనా

హైస్కూల్లో కౌన్సెలర్ అనగానే మనకు ఏపీ క్లాసులూ కాలేజీ అప్లికేషన్లే గుర్తొస్తాయి. పిల్లల మనసు కుంగినప్పుడు మాట్లాడేదీ వారే. 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని వారి జాతీయ సంఘం చెబుతుంది. చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువమందిని ఒక్కరే చూసుకోవాలి. కాబట్టి వారే గమనించి పిలుస్తారని ఎదురుచూడకుండా మనమే ముందు రాయడం మంచిది.

ప్రతి సోమవారం కడుపునొప్పి అనడం, ఇష్టమైన ఆట మానేయడం, గది తలుపు వేసుకుని కూర్చోవడం లాంటివి రెండు వారాలకు మించి సాగితే "వయసు అలాంటిది" అని తీసిపారేయకండి. పిల్లల డాక్టరుకూ చెప్పండి. 12 నుంచి 18 ఏళ్ల వారికి డిప్రెషన్, 8 నుంచి 18 ఏళ్ల వారికి ఆందోళన ఉందేమో ప్రశ్నలడిగి చూడాలని 2022లో ఇక్కడి జాతీయ నిపుణుల బృందం సిఫారసు చేసింది. బీపీ చూసినట్టే అదీ ఒక మామూలు పరీక్ష.

పిల్లలు కౌన్సెలర్‌తో చెప్పుకున్నవి మామూలుగా అక్కడే ఉంటాయి. తనకో ఇతరులకో ప్రాణహాని ఉందనిపిస్తే, ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే మాత్రం వారు చెప్పి తీరాలి. ఎవరైనా చనిపోవాలని ఉందంటే 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. పిల్లల ఫోన్లలో ఈ నంబరు ఈ రోజే పెట్టండి. పెట్టినంత మాత్రాన లేని ఆలోచన వచ్చిపడదు.

"రికార్డు పాడవుతుందేమో"

మేము మాట్లాడిన ప్రతి ఇంట్లో వినిపించిన మాట ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

స్కూలు రికార్డుల గోప్యతకు 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది. స్కూలు నర్సు దగ్గరున్న ఆరోగ్య కాగితాలూ దాని కిందికే వస్తాయి. పిల్లల చదువు పనిలో అవసరం ఉన్న సిబ్బందే వాటిని చూడాలి. పిల్లలకు 18 ఏళ్లు వచ్చేవరకు వాటిని చూసే హక్కు మనకుంది. అడిగిన 45 రోజుల్లోగా చూపించాలి.

కాలేజీకి వెళ్లే ట్రాన్స్‌క్రిప్టులో 504 ప్లాన్ ఉన్నట్టు తెలిసే మాటలు ఉండకూడదని విద్యాశాఖ 2008లోనే మార్గదర్శకం ఇచ్చింది. ఇక వీసా భయం. పబ్లిక్ స్కూల్లో చదువుకునే హక్కు ఇమ్మిగ్రేషన్ స్థితి మీద ఆధారపడదని 1982లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 504 ప్లాన్‌కూ పౌరసత్వంతో పనిలేదు. గ్రీన్‌కార్డు రాలేదని ఈ సాయం అడగడానికి వెనకాడకండి.

ఇంగ్లీషు ఇబ్బంది ఉన్న తల్లులు, పిల్లలను చూసుకునే తాతయ్యలు, అమ్మమ్మలు మీటింగుకు దుబాసీని అడగవచ్చు. ఆ ఖర్చు స్కూలుదే. పిల్లవాడి సమస్యను పిల్లవాడి చేతే తర్జుమా చేయించవద్దు.

మన చేతిలో ఉన్నది: నిద్ర

ఇది స్కూలు ఒక్కటే చేయగలిగింది కాదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. యుక్తవయసులో శరీర గడియారం వెనక్కి జరుగుతుంది, పదిన్నర దాకా నిద్ర రాకపోవడం బద్ధకం కాదు. అందుకే మిడిల్, హైస్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలుపెట్టవద్దని పిల్లల వైద్యుల సంఘం 2014లో కోరింది. కాలిఫోర్నియాలో హైస్కూళ్లకు 2022 నుంచి చాలావరకు అదే నియమం.

మన ఇళ్ల లెక్క చూడండి. మూడున్నరకు స్కూలు, తర్వాత లెక్కల ట్యూషను, కూచిపూడి, రోబోటిక్స్, తొమ్మిదికి భోజనం, అప్పుడు హోంవర్కు. పన్నెండుకు పడుకుని ఆరున్నరకు లేచే పిల్లకు ఆరున్నర గంటల నిద్రే దక్కుతుంది. ఇందులో మన గుడి క్లాసుల వాటా కూడా ఉందని ఒప్పుకుంటున్నాం. అందుకే బుధవారం సాయంత్రం భజన క్లాసును వచ్చే సెషన్ నుంచి 7:30కే ముగిస్తాం.

స్కూలు తెరిచేలోపు

- డాక్టరు అపాయింట్‌మెంట్ జూలైలోనే తీసుకుని మందుల, ఎలర్జీ ఫారాల మీద సంతకం చేయించండి.
- ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో పాత ఫోన్ నంబర్లు మార్చండి. మనం ఊళ్లో లేనప్పుడు వచ్చి తీసుకెళ్లగల ఒక స్నేహితుల పేరు చేర్చండి.
- టీచరుకు, నర్సుకు, కౌన్సెలర్‌కు కలిపి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయండి. సమస్య ఏమిటి, ఎలా కనిపిస్తుంది, అప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి.
- ఆ ఈమెయిల్ పంపేముందు పిల్లలకు చూపించండి. వాళ్ల గురించిన మాట వాళ్లకు ముందు తెలియాలి.

మన తెలుగు బడి కొత్త ఫారంలో ఆరోగ్యం గురించి ఒక పేజీ చేర్చాం. దాన్ని తరగతి వాలంటీరు, సమన్వయకర్త తప్ప ఎవరూ చూడరు. స్కూలుకు ఈమెయిల్ రాయడంలో సాయం కావాలంటే ఆగస్టు మొదటి రెండు ఆదివారాలు అన్నదానం తర్వాత గ్రంథాలయం గదిలో ఉంటాం. ల్యాప్‌టాప్‌లు మేమే తెస్తాం.

ఆ బాబు ఇప్పుడు ఇన్హేలర్ జేబులోనే పెట్టుకుంటున్నాడు. పోయిన వారం మా దగ్గరికి వచ్చి, ఎలా వాడాలో వాడే మాకు చూపించాడు.

— యువజన సేవా బృందం వాలంటీర్లు