పసివారి తల చదునైతే ముందు చూడవలసింది మెడను

మెడ పక్క కండరం బిగుసుకున్న శిశువు ఎప్పుడూ ఒకే వైపు తల వాల్చి పడుకుంటుంది. లేత పుర్రె ఆ ఒత్తిడికి చదునవుతుంది. ఆకస్మిక శిశు మరణాల నివారణకు పిల్లలను బోర్లా నిద్రపుచ్చవద్దని 1992లో అమెరికా శిశువైద్యుల అకాడమీ సూచించిన తరువాత ఇలాంటి తలలు ఎక్కువగా కనిపించసాగాయి. అలాగని తిరిగి బోర్లా నిద్రపుచ్చడం ప్రాణాంతకం కావచ్చు.

తలను మృదువుగా తాకి సరిచేస్తామనే క్రేనియోసేక్రల్ థెరపీకి బలమైన ఆధారాలు లేవు. ఖరీదైన హెల్మెట్ సైతం 2014లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో సహజ ఎదుగుదల కంటే మెరుగైన ఫలితమేమీ చూపలేదు. మెడకు ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు, మెలకువలో పెద్దల కళ్లెదుట బోర్లా ఆడించడం మేలు చేస్తాయి. మన ఇళ్లలో నూనె రాసి తల ఒత్తడం ఈ బిగువును తీర్చదు.

పుర్రె అతుకులు ముందే కలిసిపోయినా తల ఆకారం మారుతుంది. దానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు గనుక తేడాను వైద్యులే తేల్చాలి.