పాత ట్రాక్టరు ఇంజను: చప్పుళ్లు, వాని కారణములు

సంఘమునుండి ఋణము గొని పాత ట్రాక్టరు కొనదలచు సభ్యులకు మేము మొదట చెప్పునది యొకటే: రంగును జూచి మోసపోకుడు, ఇంజనును వినుడు. ఇంజను పంట నడుమ ఆగినచో దుక్కి తప్పును గాని వాయిదా తప్పదు.

బేరమునకు బోవునప్పుడు ఇంజను చల్లగా నుండవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి యుంచినచో, చల్లారిన పిమ్మట మరల స్టార్టు చేయుమని కోరుడు. చల్లగా నున్నపుడు డపడప కొట్టి, వేడెక్కిన కొలది తగ్గు చప్పుడు పిస్టను సిలిండరులో వదులై యాడుటవలన గలుగును. ఇట్టి ఇంజను కొంతకాలము నడువవచ్చును. కాని నీలిపొగ కూడ వచ్చుచున్నచో నూనె కాలుచున్నదని యెఱిగి, రింగులకును లైనర్లకును అగు ఖర్చును ధరలో తగ్గించుకొనవలెను.

ఇందుకు విరుద్ధముగా, నూనె వేడెక్కి పలుచబడిన తరువాత లోతునుండి దడదడ వినవచ్చునది కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగిన గుర్తు. నూనె ఒత్తిడి ముల్లు పడిపోవుట దీనికి సాక్ష్యము. ఈ చప్పుడు విన్నవెంటనే ఇంజనును ఆపవలెను. రాడ్డు విఱిగినచో బ్లాకే పగులవచ్చును. చిక్కని నూనె పోసి దీనిని కప్పిపుచ్చువారు కలరు. కావున అరగంటసేపు నాగలి దింపి దున్నించి చూడవలెను.

పైమూత క్రింద టిక్కుటిక్కు మను సన్నని చప్పుడు టాపెట్టులది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు ప్రతి వాల్వును ఒకమారు తెఱచుకొనును. నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్నచో ఒక వదులు టాపెట్టు 300 మార్లు చప్పుడు చేయును. కంపెనీ పుస్తకములో జెప్పిన సందును సరిచేసినచో ఇది సాధారణముగా పోవును, భయపడ నక్కఱలేదు.

ఒక్క సిలిండరే గట్టిగా కొట్టుచు, నల్లపొగయో తెల్లపొగయో వచ్చుచున్నచో నాజిలును పరీక్షింపించుడు. పాత తరహా పంపు గల ఇంజనులో మెకానిక్కు నాజిలు పైపుల నట్టులను ఒక్కొక్కటిగా వదులుచేసి, ఎచ్చట చప్పుడు మాఱునో కనిపెట్టును. ఇది మెకానిక్కు పనియే. ఒత్తిడితో చిమ్ము డీజిలు తోలును దూసికొని లోపలికి పోవును. చేయి యడ్డు పెట్టరాదు. కామన్ రెయిల్ ఇంజనులో ఈ పని చేయనే కూడదు.

కీచు మను చప్పుడు వదులు బెల్టుది కావచ్చును. ఇంజను ఆపి బెల్టు తీసి, ఒక్క నిమిషము నడిపినపుడు గరగర కూడ మాయమైనచో దోషము నీటిపంపులోనో డైనమోలోనో కలదు. ఇంజను లోపల కాదు. ఖర్చును స్వల్పమే.

చప్పుడు పుట్టు చోటు తెలియుటకు పొడవైన స్క్రూడ్రైవరు మొనను బ్లాకుకు ఆనించి పిడిని చెవియొద్ద నుంచుకొనవలెను. ఆ వేళ పైపంచె ఫ్యానున బడకుండ తీసివేయుడు.

మెకానిక్కును మీరే పిలుచుకొని పొండు. అమ్మువాడు చూపినవానిని నమ్మకుడు. ఒక పూట కూలి యిచ్చుటకు వెనుదీసి, ఏండ్ల తరబడి వాయిదాలు కట్టుకొనుట వివేకము గాదు.