ఎముక అతికితే సరిపోదు

సంక్రాంతి పండగ వెళ్లిపోయాక కూడా కొమ్మల్లో చిక్కుకున్న గాలిపటాల మాంజా దారం గుడ్లగూబ రెక్కను కోసేస్తుంది. రోడ్డు మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరే పక్షిని రాత్రిళ్లు వాహనాలు ఢీకొంటాయి. అలా దెబ్బతిన్న పక్షి కోలుకుందని ఎప్పుడు చెప్పాలి? ప్రాణం నిలిచినప్పుడు కాదు, ఎముక అతికినప్పుడూ కాదు. చీకట్లో తన తిండి తాను వేటాడుకోగలిగినప్పుడే. చికిత్సలో ప్రతి నిర్ణయానికీ ఇదే కొలమానం కావాలి.

దీనికి కారణం గుడ్లగూబ శరీర నిర్మాణంలోనే ఉంది. పాత కట్టడాల్లో గూడు పెట్టే తెల్లమొహం గుడ్లగూబకు రెండు చెవి రంధ్రాలూ ఒకే ఎత్తులో ఉండవు. అందువల్ల ఎలుక అలికిడి రెండు చెవులనూ చేరడంలో వచ్చే స్వల్పమైన తేడాలను బట్టి ఆ ఎలుక ఏ పక్కన, ఎంత కింద ఉందో పసిగడుతుంది. కటిక చీకట్లో కూడా చెవుల ఆధారంతోనే ఎలుకను పట్టగలదని జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ ప్రయోగాలు నిరూపించాయి. రెక్క ముందు అంచున దువ్వెన పళ్లలా ఉండే ఈక కొసలు ఎగిరే చప్పుడును అణచివేస్తాయి. అందుకే తలకు తగిలిన దెబ్బ వినికిడిని తగ్గించినా, అంచు ఈకలు విరిగినా, పైకి ఆరోగ్యంగా కనిపించే పక్షి బయట ఆకలితో చనిపోవచ్చు.

ఎగరగలిగితే వదిలేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. పక్షుల ఎముకలు త్వరగానే అతుకుతాయి, చాలావాటికి మూడు వారాలు పడుతుంది. కానీ అన్నాళ్లూ కట్టు విప్పకుండా ఉంచితే కీళ్లు బిగుసుకుపోతాయి, రెక్క ముందుభాగంలోని చర్మపు పొర ముడుచుకుపోతుంది. అందుకే వైద్యులు మధ్యమధ్యలో రెక్కను మెల్లగా చాచి ఆడిస్తారు. తరవాత విశాలమైన పంజరంలో ఎగరనిచ్చి రెండు రెక్కలూ సమంగా ఆడుతున్నాయో లేదో చూస్తారు, ఎగిరేటప్పుడు చప్పుడు వస్తోందేమో వింటారు. విరిగిన ఈక స్థానంలో అదే జాతి పక్షి రాల్చిన ఈకను అతికించే పద్ధతి డేగల పెంపకందారులకు శతాబ్దాలుగా తెలుసు. మేతగా ఉత్త మాంసం ముక్కలు పెడితే కాల్షియం లోపిస్తుంది. ఎముకలూ బొచ్చూ ఉన్న ఎలుకను మొత్తంగా పెట్టాలి.

ప్రకృతి పనిలో మనం తలదూర్చడం ఎందుకన్న వాదన కూడా ఉంది. మాంజా, వాహనం, ఎలుకల మందు ప్రకృతి చేసినవి కావు. మనం చేసిన గాయానికి బాధ్యత మనదే. పైగా గుడ్లగూబ పొలంలో ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది. ఇక వేటాడలేని పక్షిని ఏం చేయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. అలాంటి పక్షుల్లో కొన్ని, అనాథ గుడ్లగూబ పిల్లలకు పెంపుడు తల్లులుగా ఉపయోగపడతాయి, వాటి దగ్గర పెరిగిన పిల్లలు మనిషికి అలవాటుపడవు. ఆ అవకాశం లేక, తీరని బాధలో ఉన్న పక్షికి నొప్పిలేని మరణమే దయ కావచ్చు. ఊరికే జీవితాంతం పంజరంలో ఉంచడాన్ని రక్షణ అనలేం.

గాయపడిన గుడ్లగూబ కనిపిస్తే మందపాటి గుడ్డ కప్పి పట్టుకుని, గాలి ఆడే చీకటి అట్టపెట్టెలో ఉంచండి. పాలు, అన్నం పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి. వెంటనే అటవీ శాఖకు తెలియజేయండి. దాన్ని ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.