పులుసుగిన్నెకు సీసం వద్దు - వెలిగారం ముద్దు

మంచినీళ్ల కుండకు మెరుపు పూత అక్కరలేదు. కుండ గోడలోని సన్న రంధ్రాల గుండా చెమ్మ బయటికి వచ్చి ఆవిరవుతుంది గనుకనే లోపలి నీరు చల్లబడుతుంది. పులుసుగిన్నె, ఊరగాయ పాత్రల సంగతి వేరు. నూనె, ఉప్పు, పులుపు మట్టిలోకి ఇంకకుండా ఉండాలంటే పైన గాజులాంటి పూత ఉండాలి. దీనినే గ్లేజు అంటారు. ఆ పూతలో ఏమి కలిసిందన్నదే అసలు విషయం.

గాజుకు మూలం ఇసుక. ఇసుక కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల వేడి కావాలి. ఎర్రమట్టి పాత్ర ఆ వేడికి నిలవదు. కాబట్టి ఇసుకను తక్కువ వేడికే కరిగించే పదార్థం తోడు కావాలి. పూర్వం అనేక దేశాల కుమ్మరులు ఇందుకు సీసం వాడారు.

మెరుపు వెనుక విషం

సరిగా కాలని సీసపు పూత నుంచి చింతపండు, నిమ్మరసం వంటి పులుపు సీసాన్ని లాగుతుంది. అది కడుపులో చేరితే రక్తహీనత, కడుపునొప్పి కలుగుతాయి. పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పూత కలిపే పనివారికీ ముప్పే. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుండల కర్మాగారాలలో ఎందరో కూలీలు ఈ విషానికి గురికాగా, ప్రభుత్వం నియమించిన థోర్ప్, ఆలివర్ అనే నిపుణులు 1899లో దీనిపై నివేదిక ఇచ్చారు.

కంసాలి ఎరిగినదే

సీసానికి బదులు పనికివచ్చేది బోరాన్. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారంలో ఉన్నది ఇదే. అయితే వెలిగారాన్ని ఉన్నదున్నట్టు పూతలో కలిపితే చిక్కే. అది నీళ్లలో కరిగి మట్టిలోకి ఇంకుతుంది. ఆరేటప్పుడు అంచులకు చేరి పేరుకుంటుంది. కాల్చినప్పుడు పొంగి బొబ్బలెక్కుతుంది.

అందుచేత వెలిగారాన్ని ఇసుక, సున్నపురాయి వగైరాలతో కలిపి కరిగించి, ఆ ద్రవాన్ని నీళ్లలో పోస్తారు. అది పగిలి ముక్కలవుతుంది. వాటిని నూరిన గాజుపొడే బోరాన్ ఫ్రిట్. ఇది నీళ్లలో అంతగా కరగదు. నూరుపాళ్ల పూతలో 85 నుంచి 90 పాళ్లు ఫ్రిట్, మిగతాది తెల్ల చీనామట్టి కలపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఒకసారి కాల్చిన పాత్రను ఇందులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ సుమారు 1,000 డిగ్రీల వేడిలో కాలుస్తారు.

గడ్డి, పిడకలు పేర్చి కాల్చే కుమ్మరి ఆవం ఈ పనికి చాలదు. వేడి తక్కువ, బూడిద అంటుతుంది, ఒకదానికొకటి తగిలిన పాత్రలు అతుక్కుపోతాయి. మూసిన బట్టీ కావాలి. ఆ ఖర్చు ఒక్క కుటుంబానికి భారమే. నలుగురు కలిసి ఒక బట్టీ పెట్టుకుంటే భారం తగ్గుతుంది.

పొడి కలిపేవారు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. సీసం కలిసిన ఫ్రిట్‌లు కూడా ఉన్నాయి గనుక కొనేటప్పుడే సీసం లేనిదని రూఢి చేసుకోవాలి. పాత్ర మెరుపు చూసి సీసం ఉన్నదీ లేనిదీ చెప్పలేము. 4 శాతం అసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఆ ద్రవాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తేనే తేలుతుంది. ఆ పరీక్ష జరిగిన పాత్రలోనే పులుసు పోసుకోవడం క్షేమం.