వానను దాచుకొన్న నగరం

పిల్లలూ! వానలు సరిగా కురవని ఊళ్ళో నీళ్ళకోసం ఎంత అగచాట్లు పడాలో మీ తాతయ్యో అమ్మమ్మో చెప్పే ఉంటారు. గుజరాత్ రాష్ట్రంలో కచ్ అనే ప్రాంతమున్నది. అక్కడ వానకాలంలో నీరు నిలిచి, ఎండకాలంలో తెల్లగా ఉప్పు పేరుకొనే పర్రలు మైళ్ళకొద్దీ ఉన్నాయి. వాటి నడుమ ఖదీర్ అనే మెట్టమీద, సుమారు 5000 ఏళ్ళ క్రితం, మనుషులు ఊరు కట్టుకొన్నారు. అదే ధోలావీరా. హరప్పా నాగరికతకు చెందిన పెద్ద నగరాలలో అదొకటి.

అక్కడ ఏడాది పొడుగునా పారే నది లేదు. ఉత్తరాన మన్సర్, దక్షిణాన మన్‌హర్ అనే రెండు వాగులున్నాయి. అవి వానకాలంలోనే పారుతాయి. అందుచేత ఆ ఊరివారు వాగులకు అడ్డంగా రాతికట్టలు వేసి, నీటిని మళ్ళించి, నగరం చుట్టూ తవ్విన చెరువులను నింపుకొనేవారు. కొన్నిటికోసం రాతినేలనే తొలిచారు. తూర్పువైపు చెరువు పొడవు సుమారు 73 మీటర్లు, వెడల్పు 29 మీటర్లు. దిగడానికి మెట్లు కూడా ఉన్నాయి. కోటలో పడిన వాననీరు సైతం వృథా పోకుండా రాతికాలువలు కట్టారు.

ఇవన్నీ మనకెలా తెలిశాయి? 1990 నుండి ఆర్.ఎస్. బిష్ట్ గారి ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల వలన. నేలను పొరలు పొరలుగా తవ్వుతారు. అడుగుపొర ముందుతరాలది, పైపొర తర్వాతివారిది. నడిమి పొరలలో చెక్కిన రాళ్ళు, పూసలు, ముద్రలు, తూకపు రాళ్ళు, పది పెద్ద అక్షరాల పలక దొరికాయి. పైకి వచ్చేకొద్దీ ఆ వైభవం తగ్గిపోయింది. కొంతకాలం ఊరు పాడుపడింది. మళ్ళీ వచ్చినవారు గుండ్రని ఇండ్లు కట్టుకొన్నారు.

ఎందుకిలా జరిగింది? దాదాపు 4200 ఏళ్ళ క్రితం వానలు బలహీనపడ్డాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. చెరువులెన్ని ఉన్నా నింపవలసింది వానే కదా! అంతేకాదు, హరప్పావారు సముద్రం దాటి వర్తకం చేసేవారు. వారి కుండపెంకులు ఒమన్ తీరంలో కూడా దొరికాయి. ఆ దూరదేశపు వర్తకమూ క్రమంగా సన్నగిల్లింది. ఒక్క కారణమే అనుకోవడం సరికాదు.

గుండ్రని ఇండ్లు చూచి, వాళ్ళు దిగజారిపోయారని కొందరంటారు. నాకు అలా తోచదు. కచ్ పల్లెలలో నేటికీ భూంగా అనే గుండ్రని మట్టియిండ్లున్నాయి. 2001 జనవరి 26న అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఎన్నో మేడలు కూలాయి. భూంగాలు చాలావరకు కూలకుండా నిలిచాయి.